తీరవాచకముల అర్థభేదములు – తెలుగు పారిభాషికపద నిర్ణయము

నీటికిని నేలకును నడుమనుండు చోటును తెలుపుటకు ఆంగ్లభాషలో షోర్, కోస్ట్, బీచ్, బ్యాంక్, స్ట్రాండ్ అను మాటలు ప్రధానముగా వాడుకలో నున్నవి. నేటి తెలుగు పాఠ్యగ్రంథములలోను, పత్రికలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను ఈ యైదింటికిని తరచుగా కనిపించు అనువాదము ఒక్కటియే. అది తీరము. సముద్రమున కది తీరము, నదికి నది తీరము, ఇసుక పరచుకొన్న విహారస్థలమున కది తీరము, జిల్లాల వరుసకు నది తీరప్రాంతము. ఐదు మాటలు చేయుపనిని ఒక్క మాట చేయవలసివచ్చినప్పుడు ఆ మాట అలసిపోవును, అర్థము మసకబారును. ఈ మసక తొలగించుటకు తెలుగునకు శక్తి లేదని కొందరు తలంతురు. అది పొరపాటు. తెలుగున మాటలకు కొదువ లేదు. ఉన్న మాటలను శాస్త్రగ్రంథములలోనికి రానిచ్చు అలవాటునకే కొదువ.

ఈ ప్రశ్న సముద్రమునకు బహుదూరమున నున్న ఢిల్లీలో, అందును మునిర్కా పరిసరములలో, ఎక్కువ సూటిగా ఎదురగుచున్నది. మునిర్కా పూర్వము ఒక గ్రామము. నేడు దక్షిణ ఢిల్లీలో కలిసిపోయినది. దాని ప్రక్కనే 1969లో నెలకొన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము ఆరావళి రాతినేలపై నున్నది. దానికి పొరుగుననే రామకృష్ణపురము. శాస్త్రీయ, సాంకేతిక పదములను నిర్ణయించుటకు కేంద్ర ప్రభుత్వము 1961లో నియమించిన పారిభాషిక పదావళీ సంఘము చిరకాలము ఆ రామకృష్ణపురముననే పనిచేసినది. మునిర్కా యిరుకు వీథుల అద్దెగదులలో కేంద్ర సేవా పరీక్షలకు చదువు విద్యార్థులు పలువురు కలరు. వారిలో తెలుగువారును కలరు. కేంద్ర సేవల ప్రధాన పరీక్షను రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచిలోని యే భాషలోనైనను వ్రాయవచ్చును. కాని భాషాపత్రములు మినహా తక్కిన ప్రశ్నపత్రములు హిందీ ఆంగ్లములలో మాత్రమే అచ్చగును. భూగోళశాస్త్రమును తెలుగున వ్రాయదలచిన విద్యార్థి ప్రశ్నను ఆంగ్లమున చదివి, ప్రక్కనున్న హిందీని చూచి, జవాబును తెలుగున వ్రాయవలెను. ‘కోస్ట్’నకును ‘షోర్’నకును గల భేదమును వివరింపుమన్నచో, రెంటికిని తీరమని చదువుకొన్న విద్యార్థి ఏమి వ్రాయగలడు? ‘తీరమునకును తీరమునకును గల భేదము’ అని మొదలుపెట్టవలసినదే.

ముందుగా ఆంగ్లపదముల స్వరూపమును పరిశీలింపవలెను. షోర్ అను మాట జర్మానిక కుటుంబమునకు చెందినది. కోయుట యను నర్థముగల ‘షియర్’ అను క్రియతో దానికి బంధుత్వము కలదని నిరుక్తకారులు పలువురు చెప్పుదురు. నేల తెగిన చోటు షోర్. కోస్ట్ లాటిన్ ‘కోస్తా’ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినది. దాని మూలార్థము ప్రక్కటెముక, అనగా దేహపు ప్రక్క. దేశమును ఒక దేహముగా భావించినచో దాని ప్రక్క కోస్ట్. బ్యాంక్ ఉత్తరదేశీయుల నుండి వచ్చిన మాట. దిబ్బ, మిట్ట అని దాని తొలియర్థము. ధనాగారమును తెలుపు బ్యాంకు ఇటలీదేశపు వర్తకుల బల్లనుండి పుట్టినది గనుక అది వేరుదారిన వచ్చిన మాట. బీచ్ పదునారవ శతాబ్దమున గ్రంథస్థమైన మాట. అలలు అరగదీసిన గులకరాళ్లు అని దాని మొదటి యర్థము. రాళ్లపేరు రాళ్లున్న చోటునకు వచ్చి, పిదప ఇసుక పరపునకును చెల్లినది. స్ట్రాండ్ ప్రాచీనాంగ్లమునుండియు నున్నది. నేడు నామముగా దాని వాడుక తగ్గినను, ఓడ ఒడ్డునబడి కదలలేని స్థితిని తెలుపు క్రియగా మిగిలియున్నది.

కావున ఈ యైదును పర్యాయపదములు కావు. షోర్ తెగిన అంచును, కోస్ట్ ప్రక్కను, బ్యాంక్ ఎత్తును, బీచ్ అందలి పదార్థమును, స్ట్రాండ్ ఓడ నిలిచిపోవు చోటును ప్రధానముగా చూచుచున్నవి. భూగోళశాస్త్రము ఈ భేదమును మరింత బిగించినది. పాటుగీతనుండి అలలు అందుకొను చివరి యెత్తువరకు గల పట్టె షోర్. అచటినుండి భూభాగపు స్వరూపము స్పష్టముగా మారువరకు లోనికి వ్యాపించు నేల కోస్ట్. షోర్‌పై పేరుకొన్న ఇసుక, గులకరాళ్ల మేట బీచ్. నది, కాలువ, చెరువు మొదలగు వానికి బ్యాంక్. ఈ నాలుగును నాలుగు వేరు వస్తువులు. ఒక రాతిగుట్ట సముద్రములోనికి నిట్టనిలువుగా దిగినచోట షోర్ ఉండవచ్చును, కోస్ట్ ఉండవచ్చును, బీచ్ ఉండదు. ఈ వాక్యమును తీరము అను నొక్క మాటతో తెలుగున వ్రాయబూనినవారికి కష్టము వెంటనే తెలియును.

ఇక సంస్కృతమున ఈ భేదములు లేవా? కలవు. అమరకోశము వారివర్గమున కూలము, రోధస్సు, తీరము, ప్రతీరము, తటము అను వానిని ఒకచో చేర్చినది. వెంటనే ఆవలి దరికి పారమనియు, ఈవలి దరికి అవారమనియు వేరు పేర్లు చెప్పినది. ఈ రెండు దరులును గలది కావుననే సముద్రము పారావారమైనది. నీటినుండి పైకి తేలిన నేల పులినము. ఇసుకతో గూడినది సైకతము. ‘వేల’ అను మాటకు సముద్రజలపు మార్పు, కాలము, హద్దు అని మూడర్థములు. ఇచట ఒక ముచ్చటయైన పోలిక కలదు. పోటును తెలుపు ఆంగ్లపదమైన ‘టైడ్’ కూడ ప్రాచీనకాలమున కాలము అను నర్థమునే యిచ్చినది. సంబంధములేని రెండు మార్గములలో నీటి రాకపోకలనుబట్టి మనుష్యులు కాలమును గుర్తించిరి. తెలుగున వేళ అనినప్పుడు నేడెవ్వరికిని సముద్రము తలపునకు రాదు; వేల అనినప్పుడు వేయి యను సంఖ్య తలపునకు వచ్చును. కాబట్టి పోటుపాటులకు ఈ మాటను తిరిగి నిలబెట్టబూనుట వృథాప్రయాస. అందునకు ఆటుపోటులను చక్కని దేశీయపదములు ఉండనే యున్నవి.

తీరము అను మాట సంస్కృతమున దాటుట యను నర్థముగల ధాతువుతో సంబంధించినదని ఆధునికులు భావింతురు. ధాతుపాఠమున పార, తీర యను రెండును కర్మసమాప్తి యను నర్థమున చెప్పబడినవి. ఏ విధముగ చూచినను భారతీయదృష్టిలో తీరము చేరుకొనవలసిన చోటు, పని ముగియు చోటు. ఆంగ్లేయుని షోర్ తెగినది. భారతీయుని తీరము చేరినది. ఈ భేదము కేవలము పండితుల వినోదము కాదని మున్ముందు తెలియగలదు.

తెలుగు దేశీయపదముల విషయము. ఒడ్డు నీటియంచునకు అన్నిటికంటె సామాన్యమైన పేరు. అది నదికి చెల్లును, చెరువునకు చెల్లును, సముద్రమునకును చెల్లును. గట్టు అనినప్పుడు ఎత్తు తప్పనిసరి. పొలముగట్టు, చెరువుగట్టు, ఏటిగట్టు అనునవి అట్టివి. తెలంగాణమున, రాయలసీమలో గట్టు అనగా కొండ యనియు అర్థము. ఆంగ్లమున దిబ్బయను నర్థమునుండి బ్యాంక్ నదీతటమునకు చెల్లినట్లే తెలుగున గట్టును రెండర్థములయందు నిలిచినది. ఇంత దగ్గరి జంట మరియొకటి కానరాదు. కట్ట మనుష్యుడు కట్టినది. చెరువుకట్ట, కృష్ణాగోదావరుల వరదల నాపు కరకట్ట అందుకు ఉదాహరణములు. గట్టు సహజముగానుండవచ్చును, కట్టకు చేయి కావలయును.

దరి అను మాట మరింత సూక్ష్మమైనది. దరి యనగా అంచు. దరి యనగా సామీప్యము కూడ. దరిజేరుట, దరిదాపులు అను ప్రయోగములందు ఈ రెండర్థములును పెనవేసికొని యున్నవి. ఒడ్డు నీటిలో లేనివాడును చెప్పగల మాట. దరి నీటిలో నున్నవాడు వెదకుకొను మాట. అద్దరి, ఇద్దరి అని ఆవలి యొడ్డునకును ఈవలి యొడ్డునకును తెలుగున ఒక్కొక్క మాట కలదు. ఇవి సంస్కృతపు పారావారములకు సరిజోడు. ఆంగ్లమున ఈ భావమును రెండుమూడు మాటలు కూర్చి చెప్పవలసినదే. రేవు నీటిలోనికి దిగుటకు, నీటినుండి ఎక్కుటకు వీలైన చోటు. చాకిరేవు మొదలు ఓడరేవు వరకు దాని పరిధి. బాపట్ల జిల్లాలోని వాడరేవు, కోనసీమలోని ఓడలరేవు ఈ మాటతోనే యేర్పడిన యూళ్లు. ఇసుకతిన్నె, ఇసుకమేట, పర్ర, తిప్ప, లంక అనునవి నీరు నేలను చేసిన తీరులను చెప్పు మాటలు. సముద్రతరంగములు పొంగి నేలపైకి వచ్చుటకు ఉప్పెన యను నొక్క మాట చాలును. ఆంగ్లమున తుపాను అను విశేషణమును చేర్చక యీ యర్థము రాదు.

గోదావరి వశిష్ఠపాయ సముద్రమున కలియు అంతర్వేదిలో అన్నాచెల్లెళ్లగట్టు అను చోటు కలదు. ఒకవైపు నది, ఒకవైపు సముద్రము, నడుమ సన్నని ఇసుకపట్టె. దానిని జనులు తీరమనలేదు, ఒడ్డనలేదు, గట్టనిరి. రెండు నీళ్లను విడదీయుచు పైకి లేచియున్న నేలకు ఆ పేరే తగినదని వారి భాషాజ్ఞానము నిర్ణయించినది. భూగోళగ్రంథకర్త ఇట్టి నేలకు క్రొత్త సమాసమును కల్పించుటకు ముందు ఆ యూరివారిని ఒకమారు అడిగినచో శ్రమ తగ్గును.

అన్యభాషలనుండి వచ్చి తెలుగున స్థిరపడిన రెండు మాటలను ఇచట విస్మరింపరాదు. ఒకటి కోస్తా. దీని తుది అచ్చు ఆంగ్లపు కోస్ట్ కంటె పోర్చుగీసుల కోస్తాకు దగ్గరగా నున్నది. ఏమార్గమున వచ్చినను లాటిన్ ప్రక్కటెముకయే బంగాళాఖాతపు ప్రక్కకు పేరైనది. తెలుగున కోస్తా యనగా ఒక మండలము. సముద్రము కంటబడని యూరివాడును కోస్తావాడే. సాయంకాలము కోస్తాలో నడచితినని యెవ్వరును అనరు. ఆంగ్లమున కోస్ట్‌నకు గల ప్రాదేశికార్థమును ఈ మాట పూర్తిగా మోయుచున్నది. రెండవది బీచ్. విశాఖపట్టణమున బీచ్‌రోడ్డు, రామకృష్ణా బీచ్, ఋషికొండ బీచ్ అని నిరక్షరులును పలుకుదురు. కాని తెలుగు బీచ్ ఆంగ్లపు బీచ్ కాదు. ఆంగ్లమున అది భూస్వరూపమును తెలుపును; తెలుగున అది ప్రధానముగా విహారస్థలమును తెలుపును. అదే ఇసుకపై అలివివలను గుంజువారికి, చేపలనెండబెట్టువారికి, తెప్పలను నావలను పైకి లాగి నిలుపుకొనువారికి అది పనిచేయు చోటు. ఒకే నేలకు రెండు పేర్లు వచ్చినప్పుడు ఏ పేరు పత్రములకెక్కునో ఆ పేరువారి హక్కు పత్రములకెక్కును. బీచ్ అభివృద్ధి యను మాట వినినప్పుడు వలలు ఆరవేసికొను చోటు కన్నులయెదుట నిలువకపోవుటకు ఆ మాటయే కొంత కారణము.

ఇంతవరకు చెప్పినది నిఘంటువుల విషయముగా తోచవచ్చును. దాని ఫలితము నిఘంటువులతో ఆగదు. మూడు ఉదాహరణములు చాలును.

మొదటిది తుపాను హెచ్చరిక. భారత వాతావరణ శాఖ ప్రధానకార్యాలయము ఢిల్లీ లోధీరోడ్డున నున్నది; ఆంధ్రదేశపు హెచ్చరికలను విశాఖపట్టణపు తుపాను హెచ్చరిక కేంద్రము ప్రకటించును. తుపాను కేంద్రము సముద్రమునుండి నేలపైకి వచ్చుటను ఆంగ్లమున ‘కోస్ట్‌ను క్రాస్ చేయుట’ యని వ్రాయుదురు. పత్రికలును ఆకాశవాణియు దీనిని ‘తీరము దాటినది’ యని మాటకు మాట పెట్టి చెప్పుచు వచ్చినవి. తెలుగున దాటుట యనగా నేమి? ఏరు దాటినవాడు గట్టెక్కినవాడు. గండము దాటినది యనగా ఆపద తీరినది. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు అను సామెతలో దాటుట యనగా ఇక తెప్పతో పనిలేకపోవుట. దరిజేరుట, గట్టెక్కుట, ఒడ్డునబడుట – తీరసంబంధమైన తెలుగు జాతీయములన్నియు రక్షణనే సూచించుచున్నవి. సముద్రమునుండి మనుష్యుడు వచ్చునప్పుడు తీరము రక్షణయే. కాని సముద్రమునుండి తుపాను వచ్చునప్పుడు తీరము దాటుటయే ప్రమాదపు ఆరంభము.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన తుపానులో దాదాపు ఐదు మీటర్ల ఉప్పెన యూళ్లపై విరుచుకొనిపడినది; పదివేలమందికి పైగా మరణించిరి. ఆనాటి నాశనమంతయు తుపాను నేలకెక్కిన వేళ జరిగినదే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై నేలకెక్కినది. తుపాను నేత్రము నగరముమీదికి వచ్చినప్పుడు గాలి కొంతసేపు నెమ్మదించి, మరల ఎదురుదిక్కునుండి వీచినది. ఆ నెమ్మదించిన వేళ ‘దాటినది’ యను మాట విన్నవాడు గండము దాటినదనుకొని వాకిటికి వచ్చినచో తప్పు వానిదా, మాటదా? 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున నేలకెక్కినప్పుడును వార్తలలో ఈ దాటుటయే వినబడినది. ఇటీవల కొన్ని వార్తలలో ‘తీరమును తాకినది’ యని వ్రాయుచున్నారు. అది మేలు. ‘నేలకెక్కుచున్నది’ యనిన మరింత మేలు. ఏలయన అది ఒక క్షణమున ముగియు పని కాదనియు, గంటలు పట్టు క్రియ యనియు, ప్రమాదము వినువానివైపు వచ్చుచున్నదనియు ఈ మాట తెలుపును. భాషాశాఖలు ఇట్టి సూచనను వాతావరణశాఖకు చేయుట తమ పని కాదని భావింపరాదు.

రెండవది శాసనము. సముద్రపు అంచున కట్టడములను నియంత్రించు ప్రకటనలను కేంద్రప్రభుత్వము 1986 నాటి పర్యావరణ పరిరక్షణ శాసనము క్రింద 1991లోను, 2011లోను, 2019లోను ఢిల్లీనుండి వెలువరించినది. వీని ప్రకారము పోటుగీతనుండి నేలవైపు 500 మీటర్లవరకు గల పట్టె నియంత్రణకు లోబడును. అంతేకాదు. సముద్రపు పోటు ఎంతదూరము నదులలోనికి, ఉప్పుటేళ్లలోనికి ఎక్కునో అంతదూరము ఆ యేటిగట్టుకూడ నియంత్రణకు వచ్చును. సంవత్సరములో మిక్కిలి ఎండిన కాలమున నీటిలో వేయింటికి ఐదు పాళ్ల ఉప్పదనము ఎచటివరకుండునో అచటివరకు పోటు లెక్కింపబడును. 2011 నాటి ప్రకటనలో ఇట్టి యేటిగట్టున వంద మీటర్లు గాని, ఏటి వెడల్పు గాని, ఏది తక్కువయైన నది హద్దు. 2019లో వంద ఏబది యైనది. గ్రామప్రాంతములలో 2011 జనగణన ప్రకారము చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించి జనులున్నచోట కట్టడములు కూడని పట్టె 50 మీటర్లు, తక్కినచోట్ల 200 మీటర్లు.

ఈ లెక్కలలో ఒక్కొక్క మీటరునకు ఒక ఇంటి గోడ, ఒక రొయ్యలచెరువు, ఒక వలల పాక అంటుకొని యున్నవి. తెలుగు అనువాదములో దీనికంతకును తీరప్రాంతమను నొక్క మాటయే యున్నచో, సముద్రమునకు దూరముగా ఉప్పుటేటి గట్టున నివసించు రైతు తన నేల తీరప్రాంతముకాదని నమ్ముట సహజము. అతని భాషలో తీరమనగా సముద్రపు టొడ్డు; తానున్నది ఏటిగట్టు. శాసనమేమో ఆ గట్టును కూడ కోస్ట్‌గా లెక్కించినది. ‘పోటెక్కు ఏటిగట్టు’ అని వ్రాసినచో అతనికి వెంటనే తెలియును. ఏ నెలలో ఏ మూలవరకు ఉప్పునీరెక్కునో అతనికి తెలిసినంత స్పష్టముగ కాగితము వ్రాసినవారికి తెలియదు. మాట తప్పిపోయినందున ఆ జ్ఞానము విచారణకు రాకుండ పోవుచున్నది.

మూడవది నదీజలముల వివాదము. ఆంగ్లమున ‘రైపేరియన్’ అను విశేషణము లాటిన్ భాషలో ఒడ్డును తెలుపు ‘రీపా’ నుండి వచ్చినది. గమ్యము చేరుటను తెలుపు ‘అరైవ్’ కూడ దానినుండియే. ఒడ్డు చేరుట యని దాని తొలియర్థము. తెలుగువారి దరిజేరుటయు ఆంగ్లేయుల అరైవ్ అగుటయు ఒకే భావమున పుట్టినవి. ఒకే యేటి నీటిని పంచుకొనువాడు లాటిన్‌లో ‘రివాలిస్’. అదియే ఆంగ్లమున ప్రత్యర్థిని తెలుపు ‘రైవల్’ ఐనది. ఈ చరిత్ర కృష్ణానది విషయమున ఎవ్వరికిని వివరింప నక్కరలేదు. 1969లో ఏర్పడిన మొదటి కృష్ణాజలవివాదముల న్యాయస్థానము మొదలు నేటివరకు నది యొడ్డునుబట్టి వచ్చు హక్కునకును, నదికి నీటినిచ్చు పరీవాహకప్రాంతమునుబట్టి వచ్చు హక్కునకును గల భేదము వాదములలో ముఖ్యమైనది. పత్రికలలో రైపేరియన్ రాష్ట్రమునకు పరీవాహక రాష్ట్రమని వ్రాయుట పరిపాటి యైనది. ఒడ్డు వేరు, నీరు జారివచ్చు నేల వేరు. ఒడ్డుగల రాష్ట్రమని సూటిగా వ్రాయుటకు తెలుగున అడ్డులేదు. సందిగ్ధమైన మాటతో వాదించువారు తమకు తెలియకయే ఎదిరిపక్షమునకు తోడ్పడుదురు.

పరిమాణములయందును మాట ప్రభావము కలదు. ఆంధ్రప్రదేశ్ సముద్రతీరము 974 కిలోమీటర్లని అందరును చదువుకొన్నారు. ఇటీవలి కొలతలో అది 1,053 కిలోమీటర్లని తేలినది. దేశమంతటి లెక్క 7,516 నుండి 11,098 కిలోమీటర్లకు పెరిగినది. సముద్రము పెరుగలేదు, నేల పెరుగలేదు. సూక్ష్మమైన కొలబద్దతో వంపులన్నిటిని లెక్కించుటచే అంకె పెరిగినది. ఇచట పెరిగినది గీత. పట్టె కాదు, ప్రాంతము కాదు. ‘తీరము పెరిగినది’ అను వార్తను చదివినవారు నేల పెరిగినదని తలచుట ఆశ్చర్యము కాదు. తీరరేఖ యని వ్రాసియున్నచో ఆ భ్రమకు తావుండదు. ఒకవైపు ఈ అంకె పెరుగుచుండగా కాకినాడ సమీపమున ఉప్పాడలో సముద్రము ఒడ్డును కోయుచు ఇండ్లను మింగుచున్నది. అచటివారు దానిని కోత యందురు. షోర్ అను మాటలో దాగియున్న కోతయే యిది.

ఈ వాదమునకు రెండు ఆక్షేపణములు రావచ్చును. తీరము, తటము మున్నగు సంస్కృతపదములు భారతీయభాషల కన్నిటికి ఉమ్మడియనియు, వానిని విడిచినచో శాస్త్రభాషలో ఐక్యము చెడుననియు మొదటి యాక్షేపణము. పారిభాషిక పదావళీ సంఘపు నియమములలో, సాధ్యమైనంతవరకు అన్ని భాషలకును సమానమైన, సంస్కృతమూలకమైన మాటలను గ్రహింపవలెనని యున్నమాట నిజమే. కాని సోదరభాషలు ఏమిచేసినవో చూడవలెను. హిందీ భూగోళగ్రంథములలో కోస్ట్‌నకు తట్, బీచ్‌నకు పులిన్ వాడుదురు. నిత్యవ్యవహారమున పారసీకమునుండి వచ్చిన కినారా నదికి, సముద్రమునకు, వస్త్రపు టంచునకుగూడ చెల్లును. వంగభాషలో ఉపకూలము, సైకతము వేరువేరు. కన్నడమున కరావళి కోస్తామండలమునకు దేశీయమైన పేరు. తమిళమున కడల్‌కరై సముద్రపు టొడ్డు. మలయాళమున కర ఒడ్డు మాత్రమే కాదు, సముద్రమునకు ఎదురైన నేలయంతయు. ఉమ్మడి పదములు ఉన్నచోట కూడ ఒక్కొక్క భాష తన పంపకమును తాను చేసికొన్నది. పంపకము చేసికొననిది తెలుగు పాఠ్యగ్రంథభాష మాత్రమే. మరియు ఆ సంఘపు నియమములలోనే వాడుకలో స్థిరపడిన దేశీయపదములను, ఆంగ్లము పోర్చుగీసు మొదలగు భాషలనుండి వచ్చి వ్యాపించిన మాటలను నిలుపుకొనవలెనని కూడ యున్నది. కోస్తాకు, బీచ్‌నకు ఇంతకంటె అనుమతిపత్రము అక్కరలేదు.

దేశీయపదములు ప్రాంతమునుబట్టి అర్థము మారునని రెండవ యాక్షేపణము. గట్టు ఒకచోట కొండ, ఒకచోట ఏటియంచు. నిజమే. కాని ఏటిగట్టు అనినప్పుడు కొండయని భ్రమించు తెలుగువాడు ఎచటను లేడు. సమాసమే అర్థమును నిర్ణయించును. బ్యాంక్ అను మాటతో ధనాగారమును, నదీతటమును చెప్పుచు ఆంగ్లేయులు శాస్త్రమును నడుపగలిగినప్పుడు గట్టుతో తెలుగువారు నడుపలేకపోరు. నాగార్జునసాగరపు ‘రైట్ బ్యాంక్ కెనాల్’ తెలుగున కుడికాలువ యైనది. అచట గట్టునకు పని లేదని జనులు గ్రహించి దానిని విడిచిరి. ఎచట మాట కావలెనో, ఎచట అక్కరలేదో నిర్ణయించు వివేకము వ్యవహర్తలకు కలదు.

కావున ఒక పంపకమును సూచింపవచ్చును. మండలార్థమున కోస్ట్‌నకు కోస్తా. భూగోళశాస్త్రమున దేశపు సముద్రపార్శ్వమును, దాని గీతను చెప్పునప్పుడు తీరము, తీరరేఖ. అలలు తాకు పట్టెకు, అనగా షోర్‌నకు, ఒడ్డు. ఇసుక మేటవేసిన స్వరూపమును చెప్పునప్పుడు బీచ్‌నకు ఇసుకతిన్నె, విహారస్థలమునకు బీచ్. నదులకు, కాలువలకు, చెరువులకు గట్టు, కట్టినదానికి కట్ట. రెండు ప్రక్కలను వేరుచేయవలసినప్పుడు అద్దరి, ఇద్దరి. దిగుచోటునకు రేవు. టైడ్‌నకు ఆటుపోటులు, తుపాను తెచ్చు పొంగునకు ఉప్పెన. వీనిలో ఒక్కటియు క్రొత్తగా కల్పించిన మాట కాదు.

ఈ పని నిఘంటుకారుడు గదిలో కూర్చుండి ముగింపగలది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము వ్యవసాయపదములను రైతులనుండియే సేకరించి చూపినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశములను వెలువరించినది. ఈ రెండు మార్గములును ఒకచో కలియవలెను. వృత్తిపదకోశము ఒక అరలోను, పారిభాషికకోశము మరియొక అరలోను ఉన్నంతకాలము అనువాదకుడు రెండవదానిని మాత్రమే తెరచును. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల రేవులలో, పాలెములలో, లంకలలో నీటియంచు పదములను సేకరించి, ప్రతిపదమునకు అది ఏ నీటికి, ఏ నేలకు, ఏ యెత్తునకు చెల్లునో గుర్తించి, భూగోళశాస్త్రవేత్తతోను, శాసనానువాదకునితోను కూర్చుండి నిర్ణయింపవలెను. కేంద్రవిశ్వవిద్యాలయముల తెలుగుశాఖలకు ఇది ఉచితమైన పని. ఇతరభాషల శాఖలు ప్రక్కగదులలోనే యుండుటచే పోల్చిచూచు సదుపాయము వానికి కలదు.

వలకు, నాగలికి చెందిన మాటలు శాస్త్రమునకు తగవను భావము ఇంకను పూర్తిగా పోలేదు. ఆంగ్లశాస్త్రజ్ఞుడు గులకరాళ్లకు పల్లెవారు పెట్టిన పేరును గ్రహించి భూస్వరూపశాస్త్రమున నిలిపినాడు. దానిచే శాస్త్రమునకు గౌరవము తగ్గలేదు. ఒడ్డు, గట్టు, దరి, రేవు, ఉప్పెన యను మాటలు అంతకంటె తక్కువవి కావు. హెచ్చరిక వినువాడు, శాసనమునకు లోబడువాడు, పరీక్ష వ్రాయువాడు – ముగ్గురును తమకు తెలిసిన మాటను తమ కాగితముపై చూచుటకు అర్హులు. ఆ మాటను వారికి అందించుట పండితుల దాతృత్వము కాదు, వారి విధి.